దేశానికి భారమవుతున్న ఒంటి బరువు

చాలా రోజుల తరువాత చుట్టం కనిపిస్తే మన నోట మొదట వచ్చే మాట "ఏమిటి, ఇలా చిక్కిపోయావు?" అనేదే. పెళ్ళయిన ఆడపిల్ల కాస్త ఒళ్ళు చేసి వస్తే అత్తవారింటి నీళ్ళు పడ్డాయని ముచ్చటపడతాము. బొద్దుగా ఉన్న పిల్లవాడిని చూసి తల్లి బాగా పెంచుతోందని మెచ్చుకుంటాము. సన్నగా ఉంటే జబ్బు, లావుగా ఉంటే ఆరోగ్యం అనే ఈ లెక్క ఊరికే పుట్టలేదు. దాని వెనుక ఆకలి ఉంది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు ప్రాంతపు పేద కుటుంబాలు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి చేసి ప్రాణాలు నిలుపుకున్న సంగతి మన సంఘాలలోని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత దూరం పోనక్కరలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చేదాకా రెండు పూటలా తెల్లన్నం తినలేని ఇళ్ళు మన జిల్లాలలో ఎన్నో ఉండేవి. అలాంటి చోట ఒంటి మీద కండ, కొవ్వు కనిపించడం కలిమికి గుర్తే.

ఆ రోజులు మారాయి. మన మాటలు మాత్రం మారలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు చూడండి. 2005–06లో దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువు లేక స్థూలకాయం ఉన్నవారు నూటికి 12.6 మంది. 2019–21 నాటికి 24 మంది. పురుషులలో అదే కాలంలో 9.3 నుండి 22.9కి పెరిగింది. తెలుగు రాష్ట్రాలు ఈ విషయంలో దేశం కంటే ముందున్నాయి. 2019–21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం మందికి బరువు ఎక్కువ. తెలంగాణలో స్త్రీలలో 30.1, పురుషులలో 32.3 శాతం. అంటే ఆదివారం ఆరాధనకు వచ్చి ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురిలో సుమారు ఒకరు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఒళ్ళు నిండుగా ఉండి రక్తం తక్కువగా ఉండడం మా ఓ.పి.లో రోజూ చూసే సంగతే. కడుపు నిండుతోంది కాని శరీరానికి కావలసినవి అందడం లేదు. లావుగా ఉన్నవారిని చూసి "ఈమెకేం తక్కువ" అనుకోకూడదని చెప్పడానికే ఈ మాట.

సన్నగా కనిపించినా కొవ్వు ఎందుకు?

బరువు ఎక్కువో కాదో తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే కొలత బి.ఎం.ఐ. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు చేత రెండుసార్లు భాగిస్తే ఆ అంకె వస్తుంది. ఉదాహరణకు 155 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్న స్త్రీకి 64ని 1.55 చేత భాగించి, వచ్చినదానిని మళ్ళీ 1.55 చేత భాగించాలి. 26.6 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణంగా 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం అంటుంది. మన దేశస్థులకు మాత్రం డాక్టర్లు 23 దగ్గరే హెచ్చరిస్తారు, 25 దగ్గరే స్థూలకాయం అంటారు. పైన చెప్పిన సర్వే అంకెలు 25 లెక్కతో తీసినవి. 23 లెక్కతో తీస్తే ఇంకా ఎక్కువ మంది తేలుతారు.

మనకు వేరే గీత ఎందుకని రోగులు అడుగుతుంటారు. దీనికి జవాబుగా 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఫొటో ఉంది. పూణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కనే నిలబడి ఉంటారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒక్కటే, 22.3. ఇద్దరూ సన్ననివారే. ఒంట్లోని కొవ్వును కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకపు మిషను మీద ఇద్దరూ సమానమే. లోపల మాత్రం ఒకరికి కండ ఎక్కువ, మరొకరికి కొవ్వు ఎక్కువ. డాక్టర్ యాజ్ఞిక్ బృందం పూణే దగ్గరి పల్లెలలో పుట్టిన పిల్లలను కూడా పరిశీలించింది. అక్కడి పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు పిల్లలది 3.5 కిలోలు. అంత చిన్నగా పుట్టిన బిడ్డలలో కూడా కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. తల్లి కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ శరీరం కండను వదులుకొని కొవ్వును దాచుకుంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కరువు కాలంలో అది ప్రాణం కాపాడే ఏర్పాటు. తిండి దొరికే కాలంలో ఆ ఏర్పాటే మీదికి వస్తుంది.

అమెరికాలో స్థిరపడిన మనవారి సంగతీ ఇంతే. అక్కడి మధుమేహ వైద్య సంఘం 2015 నుండి ఆసియా మూలాలు ఉన్నవారికి బి.ఎం.ఐ. 23 దాటగానే షుగరు పరీక్ష చేయమని చెబుతోంది. మీ పిల్లలు అక్కడ ఉంటే ఈ ఒక్క అంకె ఫోనులో చెప్పండి.

ఇక లోపల జరిగేది. చర్మం కింద ఉండే కొవ్వు కంటే పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు ప్రమాదకరం. అది ఊరికే కూర్చోదు, రక్తంలోకి రకరకాల పదార్థాలను వదులుతూ ఉంటుంది. దానివల్ల ఇన్సులిన్ చెప్పే మాట శరీరం సరిగా వినదు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది, తరువాత అలసిపోతుంది. అప్పుడు షుగరు బయటపడుతుంది. బి.పి., గుండెపోటు, పక్షవాతం, కాలేయంలో కొవ్వు, పిత్తాశయంలో రాళ్ళు, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, ఆడపిల్లలలో నెలసరి తప్పడం, గర్భిణులలో షుగరు అన్నీ దీనికి చుట్టాలే. అధిక కొవ్వుకు కనీసం 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది. మోకాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక కిలో బరువు తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుంది. అయిదు కిలోలు తగ్గినవారికి అడుగడుగునా ఇరవై కిలోల మూట దిగినట్లే.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు 10.1 కోట్లు. షుగరు వచ్చే దశలో ఉన్నవారు మరో 13.6 కోట్లు. పెద్దలలో 35.5 శాతం మందికి బి.పి. ఉంది, 39.5 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు ఉంది.

డబ్బు ఎక్కడ పోతుంది?

స్థూలకాయం వల్ల అయ్యే ఖర్చు అనగానే ఆసుపత్రి బిల్లు ఒక్కటే గుర్తుకు వస్తుంది. ఆర్థిక శాస్త్రజ్ఞులు రెండు ఖాతాలు రాస్తారు. మందులు, పరీక్షలు, ఆపరేషన్లు, ప్రయాణాలు మొదటి ఖాతా. పనికి పోలేని రోజులు, పోయినా సగం పనే చేయగలిగిన రోజులు, వయసు రాకుండానే చనిపోయినవారి కోల్పోయిన సంపాదన రెండవ ఖాతా. ఈ రెండవది బిల్లు రూపంలో రాదు కనుక ఎవరూ లెక్కపెట్టుకోరు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాము. ఇది ఎవరి కథా కాదు, లెక్క తెలియడానికి మేము వేసుకున్నది. నలభై అయిదేళ్ళ తాపీమేస్త్రీ ఉన్నాడు. బరువు ఎక్కువ, షుగరు, బి.పి. ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. రోజుకు 600 రూపాయలు, నెలకు 26 రోజులు పని అనుకోండి. ఏడాదికి 1,87,200 రూపాయలు రావాలి. మాత్రలకు నెలకు 800 చొప్పున 9,600. మూడు నెలలకు ఒకసారి పరీక్షలకు 500 చొప్పున 2,000. ఇంతవరకు అందరూ లెక్క వేస్తారు. మోకాళ్ళ వల్ల, నీరసం వల్ల నెలకు నాలుగు రోజులు పని పోతే ఏడాదికి 28,800. నాలుగుసార్లు ఆసుపత్రికి తోడు వచ్చిన భార్య కూలి రోజుకు 400 చొప్పున 1,600. మొత్తం 42,000 రూపాయలు. రావలసిన సంపాదనలో అయిదవ వంతు కంటే ఎక్కువ. అందులో మందులు, పరీక్షలు కలిపినా మూడవ వంతు కూడా లేవు. మిగిలినదంతా పోయిన కూలి.

ఇది ఏ చిక్కులూ రాకముందు లెక్క. కిడ్నీలు దెబ్బతిని వారానికి మూడుసార్లు డయాలసిస్ అవసరమైతే పరిస్థితి వేరు. ప్రభుత్వ పథకాల కింద పేదలకు డయాలసిస్ ఉచితంగా జరుగుతోంది, అది పెద్ద మేలు. కాని మిషను ఉచితమైనా రోజు ఉచితం కాదు. నెలకు పన్నెండు, పదమూడు రోజులు రోగివి పోతాయి, తోడు వచ్చేవారివి పోతాయి. పెద్దకొడుకు చదువు మానేసి పనికి వెళ్ళడం అనే ఖర్చును ఏ ఖాతాలో రాస్తారు? 2021–22 ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం ప్రజలు తమ జేబులో నుండే పెట్టుకున్నారు. 2013–14లో ఇది 64.2 శాతం. తగ్గిన మాట నిజమే. అయినా ఇల్లు గడవడానికి అప్పు చేయని కుటుంబం వైద్యానికి అప్పు చేస్తోంది.

ఇలాంటి కుటుంబాలు కోట్లలో చేరితే అది దేశపు లెక్క అవుతుంది. అధిక బరువు, స్థూలకాయం వల్ల 2019లో భారతదేశానికి సుమారు 2,900 కోట్ల డాలర్ల నష్టం కలిగిందని ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మన డబ్బులో రెండు లక్షల కోట్ల రూపాయలు. దేశపు మొత్తం ఉత్పత్తిలో ఒక శాతం. ఇదే తీరు సాగితే 2060 నాటికి అది రెండున్నర శాతం దగ్గరకు చేరుతుందట. ప్రపంచం మొత్తం మీద 2035 నాటికి ఈ నష్టం ఏటా 4.32 లక్షల కోట్ల డాలర్లని ప్రపంచ స్థూలకాయ సమాఖ్య 2023లో లెక్క కట్టింది. ఇవి అంచనాలే, రూపాయి పైసలతో సరిపోవాలని కాదు. అయినా ఎంత బరువైన మూటో తెలుస్తుంది.

అమెరికాను చూడండి. అక్కడ పెద్దలలో ప్రతి అయిదుగురిలో ఇద్దరికి స్థూలకాయం ఉంది. దానికి సంబంధించిన వైద్య ఖర్చే ఏడాదికి సుమారు 17,300 కోట్ల డాలర్లు. కాని వారు ముందు ధనవంతులై తరువాత లావయ్యారు. పెన్షన్లు, ఇన్సూరెన్సులు ఏర్పరచుకున్నాక ఈ జబ్బు వచ్చింది. మనకు ఇల్లు కట్టకముందే చెద పట్టింది. పైగా పాశ్చాత్యుల కంటే మనవారికి షుగరు సుమారు పదేళ్ళు ముందుగా వస్తుంది. అంటే పిల్లల ఫీజులు కట్టవలసిన వయసులో, ఆడపిల్ల పెళ్ళి చేయవలసిన వయసులో. యువకులు ఎక్కువగా ఉన్న దేశం కనుక మనకు మంచి రోజులు వస్తాయని నాయకులు చెబుతుంటారు. ఆ యువకులు నలభై ఏళ్ళకే మాత్రల డబ్బాతో తిరిగితే ఆ లెక్క తప్పుతుంది.

నూనె సంగతి మరీ విచిత్రం. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాలనుండే వస్తోంది. ఏటా సుమారు 160 లక్షల టన్నులు, లక్ష కోట్ల రూపాయలకు పైగా ఖరీదు. కొనడానికి ఒకసారి, తిన్న తరువాత వైద్యానికి మరొకసారి చెల్లిస్తున్నాము.

తప్పు ఎవరిది?

లావుగా ఉన్నవారిని తిండిపోతులని, సోమరులని ఎగతాళి చేయడం మన దగ్గర తేలిక. మేము దీనిని ఒప్పుకోము. థైరాయిడ్ లోపం, కొన్ని మందులు, నిద్ర లేకపోవడం, వంశం కూడా బరువును పెంచుతాయి. పేదవాడికి చవకగా దొరికేది అన్నం, నూనె, పంచదార. పప్పు, గుడ్డు, కూరగాయలు, పండ్లు ఖరీదు. మన దేశస్థులు తినే ఆహారశక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తోందని వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2025లో చెప్పింది. అందులో ఎక్కువ భాగం పాలిష్ పట్టిన బియ్యం, పిండి, చక్కెర. ఇంకొక సంగతి. 2022లో మన పెద్దలలో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు, స్త్రీలలో అది 57 శాతం. ఆడవారు రోజంతా ఇంటి పని చేస్తారు కదా అంటారు. నిజమే, కాని చాలా ఇళ్ళలో ఇప్పుడు రోలు, రుబ్బురోలు, బావి, చేద లేవు. సాయంత్రం చీకటి పడ్డాక ఒక స్త్రీ అరగంట నడవడానికి మన పట్టణాలలో ఎన్ని వీధులు అనువుగా ఉన్నాయి?

ప్రభుత్వాలు చేయగలిగింది ఉంది. మెక్సికో దేశం 2014లో తీపి పానీయాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేసింది. మొదటి ఏడాది అమ్మకాలు 5.5 శాతం, రెండవ ఏడాది 9.7 శాతం తగ్గాయి. బ్రిటన్ 2018లో చక్కెర పాళ్ళను బట్టి పన్ను వేస్తే, పన్ను తప్పించుకోవడానికి కంపెనీలే చక్కెర తగ్గించాయి. మన కేరళ రాష్ట్రం 2016లో బర్గర్లు, పిజ్జాల వంటి వాటి మీద 14.5 శాతం పన్ను తెచ్చింది, మరుసటి ఏడాది జి.ఎస్.టి. రావడంతో అది కలిసిపోయింది. మన దేశంలో కూల్‌డ్రింకుల మీద పన్ను 40 శాతం ఉంది. పన్ను ఒక్కటే చాలదు. పప్పు, కూరగాయలు చవకగా దొరకకపోతే పన్ను వేసి లాభం సగమే.

2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అవి పనిచేస్తాయి. కాని మానేసిన తరువాత పోయిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుందని పరిశోధనలలో తేలింది. డాక్టరు రాయకుండా, స్నేహితుడు చెప్పాడని వాడవద్దు.

ఇంట్లో చేయగలిగింది

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగరు వచ్చే దశలో ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఏమీ మార్చనివారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి మార్చి, నడక పెంచినవారిలో 39 మందికే వచ్చింది. మన అన్నం, మన ఎండ, మన ఉద్యోగాలు ఉన్నవారి మీద జరిగిన పరీక్ష ఇది. కనుక ఇది మన వల్ల కాదు అనడానికి వీలు లేదు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. అందులో మామూలు మనిషికి రోజుకు నూనె, నెయ్యి కలిపి సుమారు 27 గ్రాములు చాలు. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర ప్యాకెట్లు, నెయ్యితో కలిపి. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు ఖాళీ అవుతున్నాయో ఈ నెల గోడ మీది క్యాలెండరులో రాయండి. ఎక్కువైతే ఒక్కసారిగా తగ్గించనక్కరలేదు, నెలకు అరప్యాకెట్టు తగ్గించండి. వేపుడు రోజూ కాకుండా వారానికి రెండు సార్లు చాలు. అన్నం మానమని మేము చెప్పము, చెప్పినా ఎవరూ వినరు. కాని కంచంలో కూర, పప్పు ముందు వడ్డించుకొని అన్నం తరువాత పెట్టుకుంటే అన్నం దానంతట అదే తగ్గుతుంది. ఒక పూట జొన్నరొట్టె లేక రాగి సంకటి ఉంటే మంచిది, అది కూడా కొలతలోనే. రాగి అయినా పిండిపదార్థమే.

సంఘాలలో పెళ్ళిళ్ళు, క్రిస్మస్ విందులు, కూడికల తరువాత భోజనాలు ఉంటాయి. బిర్యానీతో పాటు కూల్‌డ్రింకు సీసా పెట్టడం ఆనవాయితీ అయింది. 300 మిల్లీలీటర్ల సీసాలో ఆరు నుండి ఎనిమిది చెంచాల చక్కెర ఉంటుంది. దాని బదులు మజ్జిగ పోస్తే వంటవారికి ఖర్చు కూడా తగ్గుతుంది. మా వార్డులో షుగరు రోగిని చూడడానికి వచ్చేవారు బిస్కట్లు, జ్యూసు తెచ్చి, నర్సు అటు తిరగగానే తాగించి వెళ్తారు. ప్రేమతోనే చేస్తారు. ఈసారి వచ్చేటప్పుడు ఒక జామకాయ తీసుకురండి.

నడక రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా లెక్కే. మోకాళ్ళ నొప్పులున్నవారు చదునైన చోట నడవాలి. గుండె జబ్బు ఉన్నవారు, నడిస్తే ఛాతీ పట్టేసినట్లు ఉండేవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

తూకపు మిషను లేకపోయినా దర్జీ టేపు చాలు. ఉదయం ఏమీ తినకముందు నిలబడి, మామూలుగా ఊపిరి వదిలి, పక్కటెముకల కింది అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యలో టేపు చుట్టి కొలవండి. పొట్ట లోపలికి లాగవద్దు, టేపు బిగించవద్దు. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే, బరువు ఎంత ఉన్నా సరే, పరగడుపున షుగరు పరీక్ష, బి.పి. చూపించుకోండి. గర్భిణులకు ఈ కొలత వర్తించదు.